ఇంట్లో రోజూ అయిదు చిన్న పనులు: పిల్లలకు ధర్మం అందేది ఇలాగే



ఈ వారం పాఠం పిల్లల గురించి. ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్ళకే కాదు, అక్క పిల్లలతో, అన్న పిల్లలతో సెలవులు గడిపే పిన్నులకు, బాబాయిలకు, మేనమామలకు కూడా పనికొస్తుంది. మన వీడియోలు చూసేవాళ్ళలో ఎక్కువమంది ఇరవై, ముప్పై ఏళ్ళ వాళ్ళే. అందుకే మన వయసు వాళ్ళకుండే భయం దగ్గరే మొదలుపెడదాం. "మా నానమ్మకు అన్నీ నోటికి వచ్చేవి. మాకు విష్ణు సహస్రనామం పుస్తకం చూసి చదవడానికే తడబాటు. ఇద్దరం ఉద్యోగాలకు పోతాం. ఇక పిల్లలకు మేమేం నేర్పిస్తాం?"

దీనికి జవాబు సూటిగా చెప్పుకుందాం. పిల్లలకు ధర్మం మన పాండిత్యం వల్ల అందదు. ఇంట్లో అందరూ కలిసి, రోజూ ఒకే వేళకు చేసే చిన్న పని వల్ల అందుతుంది. ఆ పనిలో పిల్లల చెయ్యి కూడా పడాలి. ఈ పాఠం మొత్తానికి ఇదే ముఖ్యమైన మాట.

లాల్ దర్వాజ నేర్పే పాఠం

ఆషాఢ మాసంలో బోనాలు గోల్కొండలో మొదలవుతాయి. తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి దగ్గర, ఆ తర్వాత మన పాతబస్తీలో లాల్ దర్వాజ సింహవాహిని మహంకాళి, హరిబౌలి అక్కన్న మాదన్న ఆలయాల దగ్గర జరుగుతాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. టీవీలో మనకు కనిపించేది పోతరాజులు, ఘటం ఊరేగింపు, రంగం, ఫలహారం బండ్లు. కానీ పిల్లలు నేర్చుకునేది అక్కడికి రాకముందే, ఇంట్లోనే.

ఆ రోజు ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. కుండను కడిగి పసుపు రాస్తారు. కుంకుమ బొట్లు పెట్టమని గిన్నె పిల్ల చేతికిస్తారు. వేపమండలు తెమ్మని పిల్లాడిని పంపుతారు. బియ్యం, పాలు, బెల్లం వేసి వండిన బోనాన్ని అందులో పెట్టి, పైన దీపం వెలిగిస్తారు. తల్లి తలమీద బోనం పెట్టుకుని నడుస్తుంటే, పిల్ల ఆమె కొంగు పట్టుకుని నడుస్తుంది. కొన్ని ఇళ్ళల్లో అయిదారేళ్ళ పిల్లకు కూడా చిన్న బోనం ఎత్తుతారు.

"అన్నం ముందు అమ్మవారికి, తర్వాత మనకు" అని ఆ పిల్లకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. వంట అయినా కూడా పెద్దవాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకోకపోవడం చూసింది. బొట్టు తను పెట్టిన కుండ అమ్మవారి ముందుకు వెళ్ళడం చూసింది. ఇక ఆ మాట పోదు.

అయితే బోనాలు ఏడాదికి ఒక్కసారే వస్తాయి. మిగతా రోజుల సంగతేంటి?

పెద్దలు పెట్టిన అయిదు పనులు

మిగతా రోజుల కోసమే మన శాస్త్రాలు గృహస్థుకు పంచ మహాయజ్ఞాలు చెప్పాయి. పేరు చూసి హోమగుండం, రుత్విక్కులు అనుకోవద్దు. ఇవి ఇంటి పనులు: బ్రహ్మయజ్ఞం అంటే చదువుకోవడం, చదివించడం. దేవయజ్ఞం అంటే దేవుడికి అర్పించడం. పితృయజ్ఞం అంటే పెద్దల్ని తలచుకోవడం. భూతయజ్ఞం అంటే సాటి ప్రాణులకు ఇంత పెట్టడం. ఇక్కడ భూతం అంటే ప్రాణి, దెయ్యం కాదు. మనుష్యయజ్ఞం అంటే సాటి మనిషిని ఆదరించడం.

మనుస్మృతి మూడో అధ్యాయం దీనికొక కారణం చెబుతుంది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ళకుండ - ఈ అయిదు చోట్ల మనకు తెలియకుండానే రోజూ చిన్న ప్రాణులు చనిపోతాయి. మనం బతకడానికి వేరే ప్రాణులు ఏదో ఒకటి పోగొట్టుకుంటున్నాయి కాబట్టి, రోజూ కొంత తిరిగి ఇవ్వాలి. ఇల్లు నడపడంలోనే ఒక బాకీ ఉందన్నమాట.

తైత్తిరీయ ఆరణ్యకం రెండో ప్రపాఠకంలో చెప్పిన మాట మనలాంటి బిజీ వాళ్ళకు పెద్ద ఊరట. అగ్నిలో ఒక్క సమిధ వేసినా దేవయజ్ఞం పూర్తయినట్టే. నీళ్ళు మాత్రమే అర్పించినా పితృయజ్ఞం పూర్తయినట్టే. వేదంలో ఒక్క మంత్రం చదివినా బ్రహ్మయజ్ఞం పూర్తయినట్టే. కొలత ఎంతైనా ఫరవాలేదు, రోజూ జరగడమే ముఖ్యం. ఒక్కరోజు మూడు గంటల పూజ చేసి నెలంతా ఊరుకోవడం కంటే రోజుకు మూడు నిమిషాలు మేలు.

ఇప్పుడు ఈ అయిదింటినీ పాతబస్తీ ఇంట్లో, లేదా గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఎలా పెట్టుకోవచ్చో చూద్దాం.

1. బ్రహ్మయజ్ఞం: వారానికి ఒక్క పద్యం

మన తెలుగువాళ్ళకు శతకాలు ఉన్నాయి: వేమన, సుమతి, భాస్కర, కృష్ణ, దాశరథి. నాలుగు పాదాల్లో ఒక నీతి పూర్తవుతుంది. వారానికి ఒక్కటి చాలు. సోమవారం మనం చదవాలి, బుధవారానికి పిల్లలు మనతో కలుస్తారు, ఆదివారానికి వాళ్ళే మనల్ని సరిదిద్దుతారు. పిల్లలకు మనల్ని సరిదిద్దడం కంటే పెద్ద బహుమతి లేదు. మీకు రాకపోతే ఇంకా మంచిది, కలిసి నేర్చుకోండి. ఏడాదికి యాభై పద్యాలవుతాయి.

దాశరథీ శతకం రాసిన కంచెర్ల గోపన్న కథ మన ఊళ్ళోనే ఉంది. ఆయన అక్కన్న, మాదన్నల మేనల్లుడు. ఆ అన్నదమ్ములు 1672 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రులు. గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి, భద్రాచలం గుడి కోసం ఖజానా డబ్బు ఖర్చుపెట్టి గోల్కొండ జైలుపాలయ్యాడు. పన్నెండేళ్ళు ఉన్నాడని చెబుతారు. కోటలో రామదాసు బందీఖానాకు పిల్లల్ని తీసుకెళ్ళండి. ఆ రాతి గోడల మధ్య నిలబెట్టి వాళ్ళకు వచ్చిన దాశరథి పద్యం చదివించండి. పాఠ్యపుస్తకం చేయలేని పని ఆ పది నిమిషాలు చేస్తాయి.

2. దేవయజ్ఞం: సాయంత్రం దీపం

దీపం పెట్టే వేళ ఇంట్లో ఎవరుంటే వాళ్ళతోనే చేయండి. వత్తులు చేయడం పిల్లల పని. దూది తీసుకుని అరచేతుల మధ్య నలిపితే మొదట్లో లావుగా, వంకరగా వస్తాయి. ఆ వంకర వత్తినే వెలిగించండి, "నేను మంచిది చేస్తానులే" అని పక్కన పడేయొద్దు. నూనె పోయడం ఆరేడేళ్ళ పిల్లలు చేస్తారు. అగ్గిపుల్ల మాత్రం పెద్దవాళ్ళే గీయాలి.

యూఎస్ షిఫ్ట్ ఉన్నవాళ్ళు సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉండరు. పొద్దున స్కూల్ బస్సు రాకముందు పెట్టండి. వేళ ఏదైనా ఫరవాలేదు, అది రోజూ మారకుండా ఉంటే చాలు. దీపం ముందు పిల్లలు పెద్ద స్తోత్రం చదవాల్సిన పని లేదు. "ఇవాళ ఏది బాగా జరిగింది?" అని అడగండి. ఆ ఒక్కటి దేవుడికి చెప్పమనండి. కృతజ్ఞత అనే పెద్ద మాట వాడకుండానే అది అలవాటవుతుంది.

3. పితృయజ్ఞం: పెద్దల పేరు, పెద్దలకు ఫోను

మన పిల్లల్ని ముత్తాత పేరు అడిగి చూడండి. చాలామందికి రాదు. తప్పు వాళ్ళది కాదు, ఆ పేరు ఇంట్లో వినపడదు. పెత్రమాస రోజు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు చెప్పండి. పేరుతో పాటు ఒక్క కథ చెప్పండి: ఏ ఊరు, ఏ పని, ఏ కూర అంటే ఇష్టం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పెద్దల్ని తలుచుకున్న రోజే పూలతో పండుగ మొదలవుతుందని వాళ్ళకే తెలుస్తుంది.

బతికున్న పెద్దలు ఇంకా ముఖ్యం. ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు, తాతకు వీడియో కాల్ చేసి ఫోను పిల్లల చేతికివ్వండి. "ఏం తిన్నావ్?" దగ్గర మాట ఆగిపోకుండా పిల్లలకు ఒక ప్రశ్న ఇవ్వండి: "తాతా, నీ చిన్నప్పుడు బడికి ఎట్ల పోయేవాడివి?" తైత్తిరీయ ఉపనిషత్తు శిక్షావల్లిలో చదువు ముగించి ఇంటికెళ్ళే శిష్యుడికి గురువు చెప్పే మాటల్లో తల్లిని, తండ్రిని, గురువును, అతిథిని దైవంగా చూడమన్నది ఉంది. పిల్లలు దాన్ని మనం మన అమ్మానాన్నలతో ఫోన్‌లో మాట్లాడే గొంతులో నేర్చుకుంటారు. విసుగ్గా మాట్లాడితే విసుగే నేర్చుకుంటారు.

4. భూతయజ్ఞం: చీమకు పిండి, పిట్టకు నీళ్ళు

బియ్యప్పిండి ముగ్గు చీమల కోసమని, వాకిట్లో వేలాడదీసే వరికంకుల కుచ్చు పిచ్చుకల కోసమని మన పెద్దలు చెప్పేవాళ్ళు. బాల్కనీలో ఒక మట్టి మూకుడు పెట్టి రోజూ నీళ్ళు మార్చే బాధ్యత పిల్లలకు ఇవ్వండి. మర్చిపోతే తిట్టొద్దు, ఖాళీ మూకుడు చూపించండి చాలు.

సంక్రాంతికి గుల్జార్ హౌజ్‌లోనో ధూల్‌పేటలోనో పతంగులు కొనేటప్పుడు ఇంకో పాఠం ఉంది. నైలాన్ మాంజా పిట్టల రెక్కలు, మనుషుల మెడలు కోస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దాన్ని దేశమంతా నిషేధించింది. "నూలు దారమే కొందాం, పేంచ్ ఓడిపోయినా ఫరవాలేదు" అని దుకాణం ముందు పిల్లాడు అంటే, వాడు భూతయజ్ఞం చేసినట్టే. ఒక ప్రాణి కోసం తన గెలుపు వదులుకున్నాడు.

నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చినప్పుడు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. పిల్లలకు ఆ చెట్టు చూపించండి. మనం చెట్టుకు నీళ్ళు పోస్తాం, ఒకరోజు చెట్టు మనల్ని కాపాడుతుంది.

5. మనుష్యయజ్ఞం: గడప దాటిన ఆదరణ

ఎండాకాలంలో ఇంటి ముందు చలివేంద్రం పెట్టడం మనకు పాత అలవాటు. ఒక కుండ, ఒక గ్లాసు, నీడ ఉంటే చాలు. డెలివరీ బాయ్‌కి, చెత్త బండి అన్నకు నీళ్ళు అందించే పని పిల్లలకు ఇవ్వండి. "అన్నా, నీళ్ళు తాగుతారా?" అని అడగడం నేర్పండి. పేరు లేకుండా "ఏయ్" అని మనం పిలిస్తే, వాళ్ళూ అలాగే పిలుస్తారు.

పాతబస్తీలో ఇంకో సంగతి కూడా ఉంటుంది. ఒక గల్లీలో గుడి, పక్క గల్లీలో మసీదు. రంజాన్‌కు పక్కింటి నుంచి షీర్ ఖుర్మా వస్తుంది, సంక్రాంతికి మన ఇంటి నుంచి సకినాలు వెళ్తాయి. ఆ గిన్నె పిల్లల చేతికిచ్చి పంపండి. అప్పుడు పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న వస్తుంది: "మన దేవుడు గొప్పా, వాళ్ళ దేవుడు గొప్పా?" ఈ ప్రశ్నకు మనం చెప్పే జవాబు వాళ్ళ మనసులో చాలా ఏళ్ళు ఉంటుంది.

నవ్వి దాటేయొద్దు, కోప్పడొద్దు. మన ఊరి కథ చెప్పండి. రామదాసును జైల్లో పెట్టింది తానీషా. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాలు పంపే ఆచారం మొదలైంది కూడా ఆ తానీషా కాలంలోనే అని చెబుతారు. ఇప్పుడు ఆ ముత్యాల తలంబ్రాలు రాష్ట్ర ప్రభుత్వం తరఫున వెళ్తున్నాయి. 1908 వరద అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, మహారాజా కిషన్ పెర్షాద్ సలహా మీద లాల్ దర్వాజ అమ్మవారికి పూజ చేయించి మూసీ శాంతించాలని మొక్కాడని పాతబస్తీ పెద్దలు చెప్పుకుంటారు. ఇవన్నీ చెప్పి, "మన అమ్మవారంటే మనకు ప్రాణం. వాళ్ళ దేవుడంటే వాళ్ళకు అంతే ప్రాణం" అనండి. ఇంకొకరిని తక్కువ చేస్తేనే నిలబడే భక్తి అయితే, అది పిల్లలకు ఇచ్చే ఆస్తి కాదు, అప్పు.

పొరుగువాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందీ ఉంది. తెలుగు క్రైస్తవ ఇళ్ళల్లో రాత్రి కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఇంటిల్లిపాదీ కూర్చుంటారు, పిల్లలు తాము నేర్చుకున్న కంఠత వాక్యం అప్పజెబుతారు, చిన్నవాళ్ళూ రెండు మాటలు ప్రార్థన చేస్తారు. ముస్లిం ఇళ్ళల్లో పిల్లలు ఇఫ్తార్ పళ్ళెం సర్దడంతో మొదలుపెడతారు. అక్కడా అదే సూత్రం: మారని వేళ, చిన్న పని, అందరూ కలిసి.

ప్రహ్లాదుడి రెండు బడులు

పని అప్పజెప్పడం సగమే. పిల్లల్ని ప్రోత్సహించడం మిగతా సగం. దీనికి భాగవతం ఏడో స్కంధం చదవండి, పోతన తెలుగులో అయితే మరీ మంచిది.

ప్రహ్లాదుడు రెండు చోట్ల చదివాడు. మొదటిది తల్లి కడుపులో. లీలావతి నారదుడి ఆశ్రమంలో ఉన్న రోజుల్లో ఆయన ఆమెకు చెప్పిన మాటలు విన్నాడు. అక్కడ బెత్తం లేదు, పరీక్ష లేదు. రెండోది చండామార్కుల బడి. అక్కడ బుజ్జగింపు, బెదిరింపు అన్నీ ఉన్నాయి. హిరణ్యకశిపుడు కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని "ఏం నేర్చుకున్నావు నాన్నా?" అని ముద్దుగానే అడిగాడు. తనకు కావాల్సిన జవాబు రాకపోయేసరికి ఆ ఒడి నుంచే తోసేశాడు. ఏ బడి నిలిచిందో మనకు తెలుసు.

మనం ఏ బడి నడుపుతున్నాం? "దండం పెట్టకపోతే కళ్ళు పోతాయ్" అనేది చండామార్కుల బడి. బంధువుల ముందు "శ్లోకం చెప్పు, చెప్పు" అని నిలబెట్టడం కూడా అదే.

నాలుగో స్కంధంలో ధ్రువుడి తల్లి సునీతిని కూడా చూడండి. అయిదేళ్ళ పిల్లాడు సవతి తల్లి మాటకు ఏడుస్తూ వచ్చాడు. ఆ తల్లికీ బాధే. అయినా ఇతరులకు చెడు కోరవద్దని ముందు చెప్పింది, తర్వాత హరిని ఆశ్రయించమని దారి చూపింది. స్కూల్లో ఎవరో ఏదో అన్నారని పిల్లలు ఏడుస్తూ వస్తే మనం మొదట ఏం మాట అంటామో అదే వాళ్ళకు ఆ రోజు పాఠం.

మూడు జాగ్రత్తలు

ఒకటి, చేసిన పనిని మెచ్చుకోండి, పిల్లల్ని పోల్చొద్దు. "నువ్వు పిట్టలకు నీళ్ళు మార్చావు, ఇందాక రెండు పిచ్చుకలు వచ్చాయి" అనండి. "అక్కను చూసి నేర్చుకో" అనొద్దు.

రెండు, పుణ్యానికి చాక్లెట్ కట్టొద్దు. రోజూ లంచం ఇస్తే, లంచం ఆగిన రోజు దీపమూ ఆగుతుంది.

మూడు, ఎన్ని రోజులు తప్పాయో లెక్కపెట్టొద్దు. యాప్‌లో స్ట్రీక్ తెగిపోతే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇంట్లో అలా కాదు. జ్వరమొచ్చి నాలుగు రోజులు ఆగినా, అయిదో రోజు వెలిగించిన దీపం పాత దీపమే.

ఈ వారం సాధన

అయిదూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. ఇంట్లో అందరూ కూర్చుని ఒక్కటి ఎంచుకోండి. ఏది చేయాలో పిల్లల్నే అడగండి. దానికి ఒక వేళ పెట్టండి: పళ్ళు తోమాక, స్కూల్ నుంచి వచ్చాక, అన్నం ముందు, ఇలా రోజూ ఎలాగూ జరిగే పనికి దాన్ని జతచేయండి. ఆ అయిదు నిమిషాలు ఫోన్లు వేరే గదిలో పెట్టండి, మనవి కూడా. మూడు వారాలు నడిచాక రెండోది కలపండి.

ఇంట్లో మాట్లాడుకోవడానికి మూడు ప్రశ్నలు:

మన చిన్నప్పటి ఏ అలవాటు ఎవరూ చెప్పకుండానే మనకు వచ్చింది? అది ఎవరిని చూసి వచ్చింది?

మన పిల్లలు మనల్ని రోజూ చూసి ఇప్పుడు ఏం నేర్చుకుంటున్నారు?

మన వీధిలో మన పిల్లలకు పేరు తెలియని మనిషి ఎవరు? ఈ వారం వాళ్ళను ఎలా పలకరిద్దాం?

మూడో ప్రశ్న పిల్లలతోనే అడిగించండి. జవాబు వాళ్ళ దగ్గర ముందే ఉంటుంది.

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. ఆ సామెతను బెత్తం పట్టుకున్నప్పుడే గుర్తుచేసుకుంటాం. మొక్కకు కావాల్సింది వంచే చెయ్యి కంటే ముందు రోజూ నీళ్ళు పోసే చెయ్యి. ఒక చెంబు చాలు, కానీ రోజూ పోయాలి.

మీ ఇంట్లో పిల్లలు ఏ పని ఎంచుకున్నారో మాకు తప్పకుండా చెప్పండి. అమ్మవారి దయ మీ ఇంటిల్లిపాది మీద ఉండాలి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

జై మహంకాళి!